వానలకు ముందు దూలాల కింది పైపులు చూసుకోండి

గోదావరి డెల్టాలో పాత పెంకుటిళ్లకు ఇప్పుడు గీజరు, ఓవర్‌హెడ్ ట్యాంకు అన్నీ వచ్చేశాయి. సున్నపు గోడ పగలగొడితే మళ్లీ అతుకు కుదరదని పైపులను దూలాల కింద నుంచే లాగేస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. తగిలించే పద్ధతిలోనే తేడాలొస్తాయి. మృగశిర కార్తెకు ముందొకసారి, దసరా లోపు ఇంకోసారి నిచ్చెన వేసుకుని చూడాలి. తుపానులు అక్టోబరుతో ఆగవు. 2018లో పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది డిసెంబరు 17న.

ముందు చూడాల్సింది పైపు కాదు, కర్ర. పైపును దూలానికి పట్టి ఉంచే క్లాంపు చుట్టూ కర్రను స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడండి. సులువుగా దిగితే చెదలో తేమో పట్టినట్టే. అక్కడ పొడవాటి స్క్రూ వేసినా నిలబడదు, క్లాంపు జరపాల్సిందే. తాటి దూలమైతే ఇంకో సంగతుంది: బలమంతా బయటి చేవలోనే ఉంటుంది, లోపలి భాగం మెత్తన. చేవలోకి నేరుగా స్క్రూ తిప్పితే కర్ర నిలువునా చీలుతుంది. 8 నంబరు స్క్రూకి ముందు 3 మి.మీ. బిట్టుతో బెజ్జం వేయాలి. స్క్రూ కనీసం అంగుళం లోతు గట్టి కర్రలో దిగాలి. మేకులు వద్దు. వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంచించుకుపోయే కర్రలో అవి కొంచెం కొంచెంగా బయటికొస్తాయి. ఉప్పుగాలికి ఇనుప స్క్రూ, జీఐ (జింకు పూత పూసిన ఇనుము) క్లాంపు తొందరగా తుప్పుపడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి.

పైపును వాసాలకు, రీపర్లకు తగిలించకండి. ఈదురుగాలికి పెంకు లేచినప్పుడు కదిలేవి అవే, ఆ కుదుపు నేరుగా జాయింటు మీద పడుతుంది. క్లాంపు దూలానికే ఉండాలి. దూలాల మధ్య దూరం ఎక్కువైతే ఈ దూలం నుంచి ఆ దూలానికి రెండంగుళాల టేకు బద్ద వేసి, పైపును దానికి క్లాంపు చేయాలి.

అరంగుళం, ముప్పావంగుళం సీపీవీసీ (వేడినీళ్లకు తట్టుకునే ప్లాస్టిక్) పైపుకు 3 అడుగులకొక క్లాంపు. వేడినీళ్ల లైనుకు రెండున్నర అడుగులకే వేస్తే మంచిది, వేడికి పైపు మెత్తబడి కుంగుతుంది. గేటు వాల్వుకు రెండు పక్కలా వేరే క్లాంపులుండాలి. లేకపోతే తిప్పిన ప్రతిసారీ ఆ బలం జాయింటు మీదే పడుతుంది. 110 మి.మీ. మురుగు పైపు నిండితే మీటరుకు 8 కిలోలకు పైగా నీళ్ల బరువే ఉంటుంది. దానికి కూడా 3 అడుగులకు మించి ఖాళీ వదలొద్దు. అడుగుకు పావంగుళం వాలు చాలు. మధ్యలో కుంగితే అక్కడ మురుగు నిలిచి గట్టిపడుతుంది.

ఎక్కువ మంది పొరపాటు పడేది క్లాంపు బిగింపులో. గట్టిగా పట్టి ఉంటేనే మంచిదనుకుంటారు. క్లాంపు పని పైపును మోయడం, నొక్కిపట్టడం కాదు. 30 డిగ్రీల తేడాకు 20 అడుగుల ప్లాస్టిక్ పైపు దాదాపు అరంగుళం సాగుతుంది, చల్లబడితే అంతే కుంచించుకుంటుంది. రోహిణి కార్తె ఎండలో పెంకు కింద బిగించిన పైపు డిసెంబరు రాత్రికి పొట్టిదవుతుంది. జరగడానికి చోటు లేకపోతే ఎల్బో (మలుపు ముక్క) దగ్గర విడిపోతుంది. వేళ్లతో నెడితే క్లాంపులో పైపు జరగాలి. ఎల్బో నుంచి అడుగు దూరం వరకు క్లాంపు వేయకుండా వదిలితే మలుపు ఆ సాగుడును తీసుకుంటుంది. బైండింగ్ వైరుతో కట్టిన చోట్లుంటే విప్పేయండి, అది పైపును కోస్తుంది.

దూలంలోంచి పైపు పోనివ్వాల్సి వస్తే బెజ్జం దూలం లోతులో (పైనుంచి కిందికి) మధ్యనే వేయాలి, దాని వెడల్పు ఆ లోతులో మూడోవంతుకు మించకూడదు. పైపు కంటే 6 మి.మీ. పెద్దదిగా ఉండాలి. దూలం నడిమధ్య అడుగు భాగాన గాడి మాత్రం ఎవరు చెప్పినా కొట్టనివ్వకండి. బరువుకు ఎక్కువగా లాగబడేది ఆ భాగమే.

చెదల మందు, కర్రకు పూసే కిరసనాయిలు, పాత ఇంజన్ ఆయిలు సీపీవీసీకి పడవు. తగిలిన చోట సన్నని పగుళ్లు వస్తాయి. మందు కొట్టించేదుంటే పైపుల పనికి ముందే కొట్టించి బాగా ఆరనివ్వాలి. అలాగే కరెంటు తీగ పైపు కింద పోతుంటే పక్కకు జరిపించండి.

కొత్త జాయింటు వేస్తే అతికించే సొల్యూషన్ పూసే ముందు పైపు పొడిగా తుడవాలి. ముసురులో అతికించిన జాయింటుకు రోజంతా ఆరే సమయం ఇచ్చి తర్వాతే నీళ్లు వదలాలి. ఆ రాత్రి జాయింట్ల కింద నేల మీద పాత పేపర్లు పరవండి, సన్నని కారుడు కూడా తెల్లారేసరికి మచ్చలుగా తెలిసిపోతుంది.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ట్యాంకు నిండా నింపాలి, ఖాళీ ట్యాంకును గాలి లేపేస్తుంది. తర్వాత ఇంట్లోకొచ్చే లైను గేటు వాల్వు కట్టేసి, కిందనున్న కుళాయి ఒకటి తిప్పి వదిలేస్తే పైపుల్లో ఒత్తిడి పోతుంది. తాగడానికి, వాడుకకు కావాల్సిన నీళ్లు ముందే బిందెల్లో పట్టి పెట్టుకోండి.