పాఠం వదిలేసి బొమ్మనే చూస్తుంటే...

గుంటూరులో మా స్కూల్ ఏడో తరగతికి దారువు (మొక్కలో నీళ్లు మోసే కణజాలం) గురించి చెప్పడానికి స్క్రాచ్‌లో (బ్లాకులు పేర్చి బొమ్మల్ని కదిలించే ప్రోగ్రామ్) ఒక అమ్మాయి బొమ్మ చేశాను. పక్కన మిరప మొక్క (మన ఊళ్లో ఇంకేం గీస్తాం!). వేరు నుంచి ఆకుదాకా నీళ్లు ఎలా ఎక్కుతాయో ఆ అమ్మాయి చెబుతుంది. పిల్లలు కళ్లార్పకుండా చూశారు, మొక్కని కాదు, బొమ్మని. "టీచర్, జడ భలే ఊగుతోంది" అని ఒకటే గోల.

ముందు ఆ ఊపు ఆపాను. బొమ్మ భంగిమని ఆగకుండా మారుస్తూ ఉండే 'ఫరెవర్' బ్లాక్ లోపలి 'నెక్స్ట్ కాస్ట్యూమ్' తీసేసి, రెండే భంగిమలు ఉంచాను: ఊరికే నిలబడేది, చెయ్యి చాచి చూపించేది. రికార్డ్ చేసిన మాటే మళ్లీ బొమ్మ పక్కన మాటల బుడగలోనూ రాసి ఉండేది, అదీ పీకేశాను. ఒకే మాట వింటూ చదువుతూ ఉంటే చిత్రం మీదికి చూపు పోదు. మల్టీమీడియా బోధనపై పరిశోధించిన రిచర్డ్ మేయర్ చెప్పేదీ ఇదే. కొత్త పదం కాబట్టి "దారువు" మాత్రం కాండం పక్కనే రాసి ఉంచాను.

అసలు తలనొప్పి వేరే. "ఇదిగో కాండం" అన్న ఎంతసేపటికో చెయ్యి లేచేది. 'ప్లే సౌండ్ అంటిల్ డన్' పెడితే ఆడియో మొత్తం అయ్యేదాకా కింది బ్లాక్ కదలదు. దాని బదులు 'స్టార్ట్ సౌండ్', కింద వెయిట్, ఆ కింద కాస్ట్యూమ్ మార్చే బ్లాక్ పెట్టాను. ఎన్ని సెకన్లు ఆగాలో మాత్రం ఆడియో వింటూ సరిచూసుకోవాల్సిందే, అడ్డదారి లేదు.

ఇప్పుడు చెయ్యి లేవగానే చూపులన్నీ కాండం మీదికే పోతున్నాయి. పోషక కణజాలానికి (ఆకుల్లో తయారైన ఆహారాన్ని మోసేది) కూడా అదే ఫైల్ కాపీ చేసి, ఆడియో మార్చుకున్నాను.