రాట్నం ముందు అమ్మ: పొందూరులో ఫొటోల వరుస ఎలా తీయాలి

ఒడిలో బిడ్డను పెట్టుకున్న అమ్మ ఫొటో ఒక్కటి చాలు. ఖాదీకి పేరున్న శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే ఆవిడను తీస్తుంటే, ఆ బిడ్డ పుట్టకముందే ఆమె చేతికి వచ్చిన పని కూడా కనబడాలి.

మొదటి రోజు కెమెరా సంచిలోనే ఉంచండి. ఏకులా వెళ్లి మేకులా దిగారనిపించుకోవద్దు. బిడ్డ మొహం చూపించొచ్చా, పాలిచ్చేటప్పుడు తీయొచ్చా, ఏవి బయట పెట్టొచ్చు అన్నవి ఆవిడనే అడగాలి, ఇంటాయన్ని కాదు.

రాట్నాన్ని గుమ్మానికి మూడు నాలుగు అడుగుల లోపల, వెలుగు పక్కనుంచి పడేలా వేయమనండి. ఎండ నేరుగా పడే గుమ్మం వద్దు, ఫ్లాష్ అసలే వద్దు. పాకే పిల్లాడికి ఎఫ్/2.8 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో), షట్టర్ వేగం 1/250 సెకను, ఐఎస్‌ఓ 800 (వెలుగును కెమెరా ఎంత పట్టుకోవాలో). అదే వేగంతో రాట్నం తీస్తే చక్రం ఆగిపోయినట్టే ఉంటుంది. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి ఎఫ్/4, 1/15, ఐఎస్‌ఓ 100కి మార్చండి. మొత్తం వెలుగు లెక్క మారదు, చక్రం మాత్రం పొగలా తిరుగుతుంది, మొహం నిలుస్తుంది. దారం లాగుతుంటే భుజం కదులుతుంది కాబట్టి, చెయ్యి చివరిదాకా వెళ్లి ఒక్క క్షణం ఆగినచోట నొక్కండి. పదింటిలో రెండు దక్కితే గొప్పే.

తెల్లబట్టతోనే అసలు తంటా. ఫ్రేమంతా తెల్లచీరే ఉంటే కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, మొహం నల్లబడుతుంది. కెమెరాలో వెలుగు పెంచే తగ్గించే ఎక్స్‌పోజర్ సర్దుబాటును +0.7 చేయండి. చీకటి గోడే ఎక్కువుంటే చీర మరీ తెల్లబడి నేత కనబడదు, అప్పుడు -0.7.

ఇక్కడ దూది దువ్వడానికి దువ్వెనలా వాడే వాలుగ చేప దవడను దగ్గరగా తీయాల్సిందే. వెలుగు ఎదురుగా పడితే సన్నటి పళ్లు కనబడవు, పక్కనుంచి రానివ్వండి. ఫోనైతే అడుగు దూరంలో ఉండి 2ఎక్స్ జూమ్ చేయండి. మరీ దగ్గరికెళితే ఫోకస్ దొరకదు, పైగా మీ నీడే పడుతుంది.

వందలో తొమ్మిది ఎంచి, 4×6 ప్రింట్లు నేలమీద పరవండి. బిడ్డ ఉన్నవి పక్కకు తీయండి. మిగిలినవాటిలో ఆమె ఎవరో తెలియకపోతే మళ్లీ వెళ్లాల్సిందే.

వీధిలో ఆమెను ‘ఫలానా గుంటడి అమ్మ’ అనే పిలుస్తుండొచ్చు. ప్రింటు వెనక పేరు మాత్రం ఆమెనే చెప్పమనండి, రాయగలిగితే ఆమె చేతే రాయించండి. మెత్తటి పెన్సిల్ ఇవ్వండి, బాల్‌పెన్నయితే ముందువైపు గీతలు తేలతాయి.