చేత్తో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్‌కి బ్యాటరీ లైట్లు, ఛార్జింగ్ లైట్లు పెట్టుకోవడం

ఇంట్లో కన్సోల్ తయారుచేసుకునేవాళ్లు స్క్రీన్ మీద, బటన్ల మీద చూపే శ్రద్ధ లైట్ల మీద చూపరు. లిథియం సెల్‌ని ఛార్జ్ చేసే టీపీ4056 బోర్డు మీద రెండు చిన్న లైట్లు ఎలాగూ ఉంటాయి కదా అనుకుంటారు. బాడీ మూసి స్క్రూలు బిగించాక అవి ఎవరికీ కనిపించవు. బెజవాడ సత్యనారాయణపురంలో మా వీధి పిల్లలు కన్సోల్ పట్టుకొచ్చి నన్ను అడిగేది ఎక్కువగా ఇదే: "అక్కా, ఇది ఛార్జింగ్ ఎక్కుతోందా, లేదా?" ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి వస్తూ ఉంటే ఆ ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది.

ముందు ఒక విషయం తేల్చుకోండి. ఛార్జింగ్ ఎక్కుతోందా అన్నది ఒక ప్రశ్న, ఇంకా ఎంతసేపు ఆడొచ్చు అన్నది వేరే ప్రశ్న. రెండింటికీ ఒకే లైటు పెడితే ఆడేవాళ్లకు అయోమయమే. 1989లో వచ్చిన నింటెండో గేమ్ బాయ్‌లో స్క్రీన్ పక్కన ఒకే ఎర్ర లైటు ఉండేది, బ్యాటరీలు తగ్గేకొద్దీ అది మసకబారేది. దానిలో ఛార్జింగ్ లేదు కాబట్టి ఒకటి సరిపోయింది. 2003లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీకి ఛార్జింగ్ ఉంది, అందుకే రెండు పెట్టారు: బ్యాటరీ తగ్గితే ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారే లైటు ఒకటి, ఛార్జింగ్‌కి విడిగా నారింజ లైటు ఒకటి. రెండు లైట్లు విడిగా పెట్టే ఆ పద్ధతే నేను ఇప్పటికీ పాటిస్తాను.

ఛార్జింగ్ లైటు

సెల్ ఊడదీశాకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోండి. లిథియం సెల్ తీగలు ఒకదానికొకటి తగిలితే ఎర్రగా కాలతాయి, సెల్ అంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఈ ఒక్క విషయంలో పిల్లల దగ్గర నేను చాలా కఠినంగా ఉంటాను.

బోర్డు మీది టీపీ4056 ఐసీకి, అంటే ఆ నల్లటి చిప్‌కి, ఎనిమిది కాళ్లు. చుక్క పక్కనున్నది ఒకటో కాలు, అక్కడి నుంచి అపసవ్యదిశలో లెక్కపెట్టాలి. ఛార్జింగ్ నడుస్తున్నంతసేపు ఏడో కాలు గ్రౌండ్‌కి కలుస్తుంది, నిండిపోయాక ఆరో కాలు కలుస్తుంది. అంటే ఐసీ లైటుకు కరెంటు ఇవ్వదు, లైటు మైనస్ వైపు దారి తెరుస్తుంది, అంతే. అందుకని రెండు రంగుల ఎల్ఈడీ కొనేటప్పుడు కామన్ యానోడ్ రకమే, అంటే రెండు రంగులకూ ప్లస్ కాలు ఒకటే ఉన్నదే, అడగండి. గవర్నర్‌పేట వైపు స్పేర్ పార్టుల కొట్లలో రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటాయి కాబట్టి అక్కడే పరీక్షించుకోవడం మంచిది. మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ మధ్య కాలికి, నల్ల ప్రోబ్ పక్క కాళ్లకు ఒక్కొక్కదానికీ తాకించండి. రెండు రంగులూ వెలిగితే అదే మనకు కావలసింది.

ఇక కలపడం. బోర్డు మీది రెండు చిన్న ఎల్ఈడీలను ఫ్లక్స్ వేసి, ట్వీజర్‌తో మెల్లగా లేపి తీసేయండి. అవి అతికి ఉన్న పాడ్‌లలో (చిన్న లోహపు మచ్చలు) ఏది ఏడో కాలికి, ఏది ఆరో కాలికి పోతోందో మల్టీమీటర్ కంటిన్యూటీ మోడ్‌లో చూసుకోండి, దారి ఉంటే బీప్ వస్తుంది. కొన్ని బోర్డుల్లో మధ్యలో రెసిస్టర్ ఉంటుంది, అప్పుడు బీప్ రాదు. అలాంటప్పుడు ఓమ్స్‌లో పెట్టి చూస్తే దాని విలువ కనిపిస్తుంది. ఆ పాడ్‌ల నుంచి సన్నటి ఎనామిల్ వైర్లు తీసి ఎల్ఈడీ పక్క కాళ్లకు కలపాలి, ఎరుపు ఏడుకి, ఆకుపచ్చ ఆరుకి. బోర్డు ఇన్‌పుట్ ప్లస్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా మధ్య కాలికి ఇవ్వండి. పాడ్ వైపు అప్పటికే ఒక రెసిస్టర్ ఉంటే కాంతి కాస్త తగ్గుతుంది, నష్టమేమీ లేదు. కలిపిన చోట్ల చుక్క హాట్ గ్లూ తప్పనిసరి. ఆ పాడ్‌లు చాలా బలహీనం, వైరు లాగితే పాడ్‌తో సహా ఊడి వచ్చేస్తాయి.

ఇప్పుడు కేబుల్ పెట్టగానే ఎరుపు, నిండగానే ఆకుపచ్చ. కరెంటు పోతే రెండూ ఆరిపోతాయి. మా ఊళ్లో ఇదే అసలు ఉపయోగం: ఛార్జర్ గుచ్చి ఉన్నా ఏమీ ఎక్కడం లేదని గది అవతలి నుంచే తెలిసిపోతుంది. సెల్ లేకుండా కేబుల్ పెడితే ఎరుపు మినుకుమినుకుమంటూ ఆకుపచ్చ వెలగొచ్చు. అది చూసి బోర్డు పోయిందనుకోకండి.

ఆడుతూ ఛార్జ్ చేస్తే మాత్రం ఈ లైటు అబద్ధం చెబుతుంది. ఛార్జింగ్ కరెంటు మొదట పెట్టిన దానిలో పదో వంతుకు తగ్గితేనే ఐసీ నిండిందని లెక్కవేస్తుంది. ఆట నడుస్తుంటే అంతకన్నా ఎక్కువ కరెంటు ఎప్పుడూ పోతూనే ఉంటుంది కాబట్టి ఎరుపు ఆరదు. పీ-ఛానల్ మాస్‌ఫెట్, షాట్కీ డయోడ్‌తో లోడ్ షేరింగ్ (కేబుల్ ఉన్నప్పుడు ఆట సెల్ నుంచి కాక నేరుగా ఛార్జర్ నుంచి నడిచే ఏర్పాటు) చేసుకుంటే ఈ బాధ పోతుంది. అంతవరకూ ఆపి ఛార్జ్ చేయమనే నా సలహా.

బోర్డు తెరిచారు కాబట్టి ఇంకో పని కూడా చేసేయండి. రెండో కాలి దగ్గరుండే 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ వల్ల ఛార్జింగ్ 1 యాంపియర్‌తో జరుగుతుంది. 5 వోల్టులు వచ్చి సెల్ 3.7 దగ్గర ఉంటే, మిగతా 1.3 వాట్లు ఆ చిన్న ఐసీలోనే వేడిగా మారతాయి. మామూలుగా లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. మే నెలలో బెజవాడ ఎండకి, మూసిన ప్లాస్టిక్ బాడీలో ఆ హద్దు ఎంతో దూరంలో ఉండదు. ఆ రెసిస్టర్ తీసి 2 కిలో ఓమ్ వేస్తే ఛార్జింగ్ 580 మిల్లీ యాంపియర్ల దగ్గర ఆగుతుంది. నిండడానికి ఎక్కువసేపు పడుతుంది, పట్టనివ్వండి.

బ్యాటరీ ఎంత ఉందో చెప్పే లైటు

సులువు దారి: నాలుగు గీతలు వెలిగే 1ఎస్ (ఒక్క సెల్‌కి సరిపోయే) లిథియం ఇండికేటర్ బోర్డు. రెండు వైర్లే. స్విచ్ దాటాక, కన్సోల్ వైపు కలపండి, స్విచ్‌కి ముందు సెల్ వైపు కలిపితే కన్సోల్ ఆపి ఉన్నా సెల్‌ని తాగుతూనే ఉంటుంది.

నాకు ఇష్టమైన దారి రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో చేసిన కన్సోల్‌కి పనికొస్తుంది. రాస్ప్‌బెర్రీ పైకి అనలాగ్ ఇన్‌పుట్ లేదు, అంటే వోల్టేజీని నేరుగా కొలవలేదు కాబట్టి, దాన్ని అంకెలుగా మార్చి ఇచ్చే ఏడీఎస్1115 బోర్డు కావాలి. ఆ బోర్డును 3.3 వోల్టులతో నడిపి, సెల్ వోల్టేజీని 10 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండింటితో సగం చేసి ఇవ్వాలి. నిండిన సెల్ 4.2 వోల్టులుంటుంది, నేరుగా ఇస్తే ఆ బోర్డు తట్టుకోదు. ప్రోగ్రామ్‌తో ఆన్, ఆఫ్ చేయగల ఒక జీపీఐఓ పిన్ నుంచి 330 ఓమ్‌ల ద్వారా 3 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్ఈడీ. పైథాన్ స్క్రిప్టు కొన్ని రీడింగుల సగటు తీసుకుని, సెల్ వోల్టేజీ 3.5 కన్నా తగ్గితే లైటు మినుకుమనిపించాలి, 3.3 దగ్గర రాస్ప్‌బెర్రీ పైని పద్ధతిగా షట్‌డౌన్ చేయాలి. ఉన్నపళంగా ఆగిపోతే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది, సేవ్ చేయని ఆట ఎలాగూ పోతుంది. మినుకుమనడం మొదలయ్యాక 3.6 దాటితే తప్ప ఆపకండి, లేకపోతే హద్దు దగ్గర లైటు ఊగిసలాడుతుంది.

ఈ హద్దులను ఆట నడుస్తుండగానే సరిచూసుకోవాలి. ఖాళీగా 3.6 చూపించే సెల్, స్క్రీన్, స్పీకర్ నడిచేసరికి అంతకన్నా కిందికి దిగుతుంది. ఎంత దిగుతుందన్నది సెల్ వయసును బట్టి ఉంటుంది. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన 18650 సెల్ వాడితే హద్దులు మళ్లీ సరిచేసుకోక తప్పదు.

రంధ్రాలు

ఛార్జింగ్ లైటు కేబుల్ పెట్టే చోటు పక్కనే ఉండాలి, బ్యాటరీ లైటు స్క్రీన్ పక్కన, బొటనవేలు కప్పేయని చోట ఉండాలి. రంధ్రం వేసేముందు కన్సోల్‌ని చేత్తో పట్టుకుని, ఆ చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు కూడా ఉంటారు. బ్యాటరీ హెచ్చరికకు రంగు మార్చకుండా మినుకుమనిపించమన్నది అందుకే.

తెల్లటి త్రీడీ ప్రింట్ బాడీ అయితే వెలుగు గోడలోంచి కూడా బయటికి వచ్చి, ఏ లైటు వెలిగిందో తెలియకుండా పోతుంది. ఎల్ఈడీ ఒంటికి నల్ల హీట్‌ష్రింక్ స్లీవ్ తొడిగితే వెలుగు ముందుకే వస్తుంది. రాత్రి చీకట్లో కళ్లకు గుచ్చుకుంటే 1 కిలో ఓమ్ బదులు 2.2 కిలో ఓమ్ వేయండి. ఎల్ఈడీని బాడీ పై సగానికి అతికిస్తే, మళ్లీ తెరిచినప్పుడు వైర్లు తెగకుండా వేలెడంత అదనంగా వదిలి, మడిచి టేపు వేసి మూయండి.