డీపీలో కత్తి, శిలువ కనిపిస్తే ఏం చూడాలి

మా మేనల్లుడు హన్మకొండలో బీటెక్. మొన్న వాడి డీపీ చూస్తే తెల్ల అంగీ మీద ఎర్ర శిలువ, ఇనుప టోపీ, చేతిలో కత్తి, కింద "డేయుస్ వుల్ట్" అని రాసి ఉంది. "గిదేందిరా" అంటే "గేమ్ల ఉంటది మామా, మస్తున్నది కదా" అన్నాడు. వాడికి అంతకుమించి తెలియదు, నిజంగానే. అందుకే బొమ్మ చూసి మనిషి మీద ముద్ర వేయకండి, ముందు అడగండి.

తర్వాత ఆ మాట ఇప్పుడు ఎవరి నోట్లో ఉందో వెతకండి. దానర్థం "దేవుడు కోరాడు". క్రూసేడ్ల నాటి నినాదం, అంటే మధ్యయుగంలో యూరప్ క్రైస్తవులు జెరూసలేం కోసం ముస్లింలతో చేసిన యుద్ధాల నాటిది. 2017 ఆగస్టులో అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో తెల్లజాతి ఆధిపత్యవాదులు ర్యాలీ తీస్తే అక్కడి డాళ్ల మీద ఇదే కనిపించింది. 2011లో నార్వేలో 77 మందిని చంపినవాడు తనను తాను టెంప్లర్ వీరుడని చెప్పుకున్నాడు, అంటే క్రూసేడ్ల కాలపు సన్యాసి సైనికుడినని. ఆ టెంప్లర్లనేమో పోప్ 1312లోనే రద్దు చేశాడు. 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని బలి తీసుకున్నవాడి తుపాకుల మీద 732లో ఫ్రాన్స్‌లో ముస్లిం సైన్యం ఓడిపోయిన టూర్స్ యుద్ధం పేరు ఉంది.

ఇంత పాత పేర్లు ఎందుకంటారా? "పక్కింటివాణ్ని ద్వేషించు" అంటే ఎవడూ రాడు. "తాతల నాటి యుద్ధం ఇంకా అయిపోలేదు, మిగిలిన సిపాయివి నువ్వే" అంటే మాత్రం, ఏ పనీ లేక గదిలో ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్లాడికి ఒక్కసారిగా వేషం, ఆయుధం, శత్రువు అన్నీ దొరికిపోతాయి. ఫార్ రైట్‌కు, అంటే ఇట్లాంటి తీవ్ర మితవాదులకు కావాల్సింది అదే, చరిత్ర కాదు.

ఇంకోటి, చరిత్రలోంచి ఏం కత్తిరించారో చూడండి. 1204లో క్రూసేడర్లు కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకున్నారు, అది క్రైస్తవ నగరమే. జర్మనీలోని మాగ్డెబుర్గ్ చర్చిలో 13వ శతాబ్దపు సెయింట్ మారిస్ శిల్పం ఉంది, ఇనుప కవచం తొడుక్కున్న నల్లజాతి యోధుడు. స్టిక్కర్లలో ఆయన ఎప్పుడూ రాడు. వైకింగ్‌ల కొమ్ముల టోపీ సంగతైతే మరీ నవ్వొస్తుంది. యుద్ధానికి వాళ్లు అట్లాంటివి పెట్టుకున్న ఆధారమే లేదు, 1876లో జర్మనీలో ఆడిన ఒక ఒపెరా డ్రెస్సుల నుంచి అది జనంలోకి పాకింది.

ఇదే చూపు మన ఊళ్లో కూడా పెట్టండి. వరంగల్ కోట తోరణం ఫొటో, వెనక మంట ఎఫెక్ట్, "మన స్వర్ణయుగం" అని గ్రూపులో పడిందనుకోండి. కాకతీయుల తర్వాత తుగ్లక్ శైలిలో కట్టిన ఖుష్ మహల్ కొంచెం పక్కనే ఉంది, అది ఫ్రేమ్‌లో ఎందుకు లేదో అడగండి. మోటుపల్లి రేవుకు వచ్చే పరదేశి వర్తకులకు కాకతీయ రాజు గణపతిదేవుడు అభయశాసనం వేయించాడని కూడా అక్కడే రాయండి. గొడవ పడొద్దు, ఆ ఒక్క లైన్ చాలు.

మావాడు డీపీ ఇంకా మార్చలేదు. కానీ ఎవరైనా కొమ్ముల టోపీ స్టిక్కర్ పెడితే మాత్రం "అది నాటకం టోపీ రా" అని మెసేజ్ కొడుతున్నాడు.