పీఎఫ్ ఉన్న తండ్రి చనిపోతే, చదువుకునే పిల్లలకి 25 ఏళ్ళ దాకా పింఛను: దరఖాస్తు ఎలా పెట్టాలి

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లోనో, నెల్లిమర్ల జూట్ మిల్లులోనో పనిచేస్తూ ఇంటిపెద్ద పోతే, పీఎఫ్ డబ్బు తీసుకుని, అమ్మకి పింఛను పెట్టించి, డిగ్రీ చదివే కొడుకు పేరో కూతురి పేరో రాయకుండా వదిలేసే ఇళ్ళున్నాయి. పద్దెనిమిది దాటేసింది కదా, ఇంకేం వస్తుందిలే అనుకుంటారు. వస్తుంది. పీఎఫ్‌తో పాటే ఉండే ఉద్యోగుల పింఛను పథకం ఈపీఎస్-95లో పిల్లల పింఛను 25 ఏళ్ళు నిండేదాకా ఉంటుంది.

అమ్మకొచ్చే పింఛనులో 25 శాతం చొప్పున, ఒకేసారి ఇద్దరు పిల్లలకిస్తారు, ఒక్కొక్కరికి నెలకి కనీసం 250 రూపాయలు. ఇది అమ్మ పింఛనులోంచి కోసేది కాదు, దానికి అదనం. ముగ్గురుంటే ముందు పెద్దవాళ్ళిద్దరికి, పెద్దవాడికి 25 నిండాక మూడోవాడికి. అమ్మానాన్న ఇద్దరూ లేని పిల్లలకైతే 75 శాతం, కనీసం 750. చిన్న మొత్తమే, కానీ మనిషి పోయిన మర్నాటి నుంచి లెక్కకడతారు కాబట్టి ఆలస్యంగా పెట్టినా బకాయి కలిపి వస్తుంది, అందుకే ఇప్పుడైనా పెట్టమంటున్నాను. సర్వీసులో ఉండగా పోతే పదేళ్ళ సర్వీసు అక్కర్లేదు, ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు.

పింఛను కోసం పీఎఫ్ ఆఫీసులో పెట్టాల్సింది ఫారం 10-డి, అమ్మకీ పిల్లలకీ కలిపి ఒకటే. కుటుంబ సభ్యుల పట్టికలో పిల్లలందరి పేర్లూ పుట్టిన తేదీలూ రాయండి, ఇప్పుడు వంతు రాని మూడోవాడిది కూడా. పీఎఫ్ డబ్బుకి ఫారం 20, బీమాకి 5-ఐఎఫ్ కూడా అప్పుడే పెట్టేయండి. పీఎఫ్ సభ్యుడు సర్వీసులో ఉండగా పోతే ఇంటివాళ్ళకొచ్చే ఈడీఎల్‌ఐ బీమా 7 లక్షల దాకా ఉంటుంది, దాన్ని మర్చిపోతే పెద్ద నష్టం.

వీటికి జతచేయాల్సినవి: మరణ ధ్రువపత్రం, సచివాలయంలో అప్లై చేస్తే తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అందరి ఆధార్లు, ఫొటోలు, పిల్లల పదో తరగతి మార్కుల మెమో, ఎవరి బ్యాంకు ఖాతా వాళ్ళది. అసలు చిక్కు పేర్ల దగ్గరే. నాన్న పేరు పీఎఫ్‌లో "ఎస్. అప్పలనాయుడు" అని, ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఫైలు వెనక్కొస్తుంది. కాగితాలన్నీ బల్లమీద పరిచి ఒక్కో అక్షరం పోల్చి చూసుకోండి, తేడా ఉంటే ముందు జాయింట్ డిక్లరేషన్‌తో (వివరాలు సరిదిద్దమని కంపెనీతో కలిసి పెట్టే ఫారం) సరిచేయించుకుని అప్పుడు 10-డి పెట్టండి.

ఫారం మీద కంపెనీ సంతకం కావాలి. మిల్లు మూతపడి ఉంటే గెజిటెడ్ అధికారో బ్యాంకు మేనేజరో సంతకం పెట్టొచ్చు, అది లేదని ఆగిపోకండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు అడగండి, కదలకపోతే పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల వెబ్‌సైటు ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి.

పింఛను మొదలయ్యాక ఏడాదికోసారి జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నామని చూపే డిజిటల్ పత్రం) ఇవ్వాలి. కామన్ సర్వీస్ సెంటర్లో గానీ, ఫోన్లో ఉమాంగ్ యాప్‌లో మొహం చూపించి గానీ అయిపోతుంది. ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది.