కారు విడిభాగాల రవాణాలో కర్బన ఉద్గారాలు తగ్గించే పద్ధతి

లారీని మార్చే ముందు దాని లోపలి లోడు చూడండి. బంపర్లు, సీట్లు, డ్యాష్‌బోర్డుల్లాంటివి ఎక్కిస్తే బరువు పరిమితికి చాలా ముందే ట్రైలర్‌లో చోటు అయిపోతుంది. అందుకే అసలు పని ప్యాకింగ్ దగ్గర మొదలవుతుంది.

ముందు నెల రోజుల ట్రిప్పులన్నీ పట్టిక వేయండి: సప్లయర్, దూరం, బరువు, నిండిన చోటు, ఖాళీగా తిరిగిన కిలోమీటర్లు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 100 కి.మీ.కు 35 లీటర్లు తాగే లారీ 400 కి.మీ. వెళ్తే 140 లీటర్లు, అంటే దాదాపు 375 కిలోలు. డీజిల్ తయారీలో, సరఫరాలో వెలువడేదీ కలపాలంటే 2023లో వచ్చిన ఐఎస్‌వో 14083 (రవాణా ఉద్గారాలు లెక్కించే అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతిని పాటించండి. రోజుకు 60 శాతం నిండిన 5 లారీలు వస్తుంటే, 75 శాతం నింపితే 4 చాలు.

ఇప్పుడు టేపు పట్టుకుని ప్యాలెట్ (సరుకు పేర్చి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే చెక్క బల్ల) ఎత్తు కొలవండి. 13.6 మీటర్ల ట్రైలర్‌లో 1200×800 మి.మీ. ప్యాలెట్లు, ఒకదానిపై ఒకటి పేర్చే ఒక్కో వరుసకు 33 పడతాయి. లోపలి ఎత్తు 2700 మి.మీ. అనుకుందాం. లోడుతో సహా ప్యాలెట్ 950 మి.మీ. ఉంటే రెండు వరుసలే పడతాయి, పైన 800 మి.మీ. వృథా. అదే 860కి తగ్గిస్తే మూడు వరుసలకు 2580. ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తి దించడానికి 120 మి.మీ. మిగులుతుంది. ప్యాలెట్‌కు సరుకు కొంత తగ్గినా, 66 బదులు 99 ఎక్కడంతో మొత్తం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. కింది పెట్టె పైనున్న రెండింటి బరువును కుదుపుల్లో కూడా ఆపగలగాలి. నిలబెట్టి చూసి సరిపోతుందనుకుంటే దారిలో నలిగిపోతుంది. ఇరుసు బరువు కూడా తూచండి.

తిరిగి వాడే పెట్టెలైతే మడతపడేవే తీసుకోండి. లేకపోతే ఖాళీ పెట్టెలకీ అన్నే లారీలు కావాలి. ఎన్ని కొనాలి? రోజుకు 200 వాడుతూ, సప్లయర్ దగ్గర 2, దారిలో 1, ప్లాంటులో 2, తిరుగుదారిలో 1, కడగడానికి 1, మొత్తం 7 రోజులు పడితే 1400. పైన 10 శాతం కలిపి 1540. ఇక్కడ పిసినారితనం వద్దు. పెట్టెలు చాలకపోతే సప్లయర్ అట్టపెట్టెల్లో పంపుతాడు, మీరు కుదిర్చిన ఎత్తు మొత్తం చెడుతుంది.

దగ్గరదగ్గరగా ఉన్న చిన్న సప్లయర్లను ఒకే లారీతో మిల్క్ రన్‌గా, అంటే ఒకే ట్రిప్పులో అందరి దగ్గరా ఆగి సరుకు ఎక్కించుకునేలా, కలపండి. ఆర్డర్లు రోజూ సమానంగా ఇస్తేనే ఇది నిలుస్తుంది. సోమవారం రెట్టింపు అడిగితే అదనపు లారీ తప్పదు.

విమానంలో తెప్పించే అత్యవసర సరుకుకు వేరే ఖాతా పెట్టి, ప్రతిదానికీ కారణం రాయండి: ప్లాన్ మార్పు, నాణ్యతలో తిరస్కరణ, పెట్టెల కొరత. విమాన రవాణా ఉద్గారాలు రోడ్డు రవాణాకు ఎన్నో రెట్లు కాబట్టి, కొద్ది టన్నులతోనే నెలల కష్టం కరిగిపోతుంది. సప్లయర్ నుంచి సరుకు చేరడానికి ఎన్ని రోజులు పడితే కనీసం అన్ని రోజులు ప్రొడక్షన్ ప్లాన్‌ను కదపకుండా ఉంచడమే దీనికి మందు.

దూరం ఎక్కువై, సరుకు నిలకడగా ఉన్న మార్గాలను రైలుకు మార్చండి. స్టేషన్ నుంచి లారీ దూరం కూడా లెక్కలో వేయండి. ఎలక్ట్రిక్ బండ్లను ప్లాంటు ఆవరణలో ట్రైలర్లు లాగే ట్రాక్టర్లతో మొదలుపెట్టండి. గేటు దగ్గర క్యూలో ఇంజన్ ఆన్‌లో ఉన్న లారీ గంటకు 2–3 లీటర్లు తాగుతుంది, కాబట్టి ప్రతి బండికీ అన్‌లోడింగ్ సమయం ముందే కేటాయించండి.