తుఫానుల సీజన్‌కి ముందు: మేడ మీద మెష్ నోడ్ పెట్టేవాళ్లకు జాగ్రత్తలు

ఈ మధ్య గాలివానకు కరెంటు పోయిన ఓ సాయంత్రం మా పక్క వీధిలో ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్లు మెష్‌టాస్టిక్ నోడ్ అనే చిన్న మెసేజ్ రేడియో బిగిద్దామని మేడ మీద 20 అడుగుల జీఐ పైపు లేపారు. పైపు వాలి 11 కేవీ (11 వేల వోల్టుల) తీగకు తగిలింది. ఒకడికి రెండు అరచేతులూ కాలిపోయాయి, పైపు అడుగు పట్టుకున్నవాడికి పాదం. ప్రాణాలు దక్కాయి. "కరెంటు లేదు కదా అనే అప్పుడు ఎక్కాం అంకుల్" అన్నాడు చిన్నవాడు.

ఆ మాట వినే ఇది రాస్తున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఫోన్లు మూగబోయి, సొంతవాళ్ల క్షేమం తెలియక జనం ఎంత అల్లాడారో కోస్తాలో చాలామందికి గుర్తే. సిమ్ లేకుండా, టవర్ లేకుండా నోడ్ నుంచి నోడ్‌కు మెసేజ్ పంపే ఈ చిన్న రేడియోలు కాలనీకి నిజంగా పనికొస్తాయి, పెట్టుకోండి. బోర్డు కొనడం, ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) వేయడం వీడియోలు చూసి నేర్చుకోవచ్చు. పైపు సంగతే ఎవరూ చెప్పడం లేదు.

ఇంట్లో కరెంటు పోయింది కదా అని పైపు ఎత్తకండి. మీ ఇంట్లో లైటు ఆరడానికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయినా చాలు; అప్పుడు పైన 11 కేవీ లైను మామూలుగానే నడుస్తుంటుంది. లైను ట్రిప్ అయినా సబ్‌స్టేషన్‌లో కాసేపటికి మళ్లీ ఛార్జ్ చేసి చూస్తారు, మీకు చెప్పి చేయరు. పక్కింటి జనరేటర్ సరిగ్గా కలపకపోతే చచ్చిన లైనులోకీ కరెంటు ఎదురొస్తుంది. లైన్‌మన్లే ఎల్‌సీ (లైను ఆపామన్న సబ్‌స్టేషన్ అనుమతి) తీసుకుని, లైనును ఎర్త్ చేశాక గానీ చేయి వేయకూడదు. మనమెంత?

నిబంధన ప్రకారం 11 కేవీ తీగకూ భవనానికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు ఉండాలి. అది కదలని గోడకు. 20 అడుగుల పైపు అంటే 6 మీటర్లు, లేపేటప్పుడు అది ఎటు తూగుతుందో మీ చేతిలో ఉండదు. అందుకే నేను చెప్పే లెక్క ఇది: పైపు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఏ కరెంటు తీగా ఉండకూడదు. 10 అడుగుల పైపుకు 15 అడుగులు. అంత చోటు లేకపోతే వాటర్ ట్యాంకు గోడకు చిన్న బ్రాకెట్ కొట్టి యాంటెన్నా పెట్టండి. రెండంతస్తుల మేడ మీద అదే చాలు. "ఫైబర్‌గ్లాస్ యాంటెన్నా కదా, కరెంటు పారదు" అనేవాళ్లున్నారు. లోపల ఉన్నది లోహపు కడ్డీ, కింద బ్రాకెట్ లోహం, కేబుల్ లోహం. తడిసిన పీవీసీ పైపునూ నమ్మకండి.

బ్యాటరీ విషయంలో రెండు మాటలు. పాత ల్యాప్‌టాప్‌లోంచి పీకిన 18650 లిథియం అయాన్ సెల్స్‌ని ఎండలో మూసిన డబ్బాలో పెట్టకండి. లిథియం అయాన్‌ను 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు, మన మేడ మీద మేలో డబ్బా లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ మేలు. కానీ దాన్ని బోర్డు మీది ఛార్జర్‌కు నేరుగా కలపకండి, అది 4.2 వోల్టులకు తయారైంది. ఈ సెల్‌కు 3.65 దాటకూడదు.

బ్యాటరీకి ఎర్ర వైరు ప్లస్ అని నమ్మొద్దు, మల్టీమీటర్ పెట్టి చూడండి. నోడ్ సెట్టింగుల్లో రీజియన్ ఇండియా అని పెట్టండి. యాంటెన్నా లేకుండా ఆన్ చేయకండి. అందరూ రౌటర్ రోల్ (మెసేజ్‌లను తప్పకుండా ముందుకు చేరవేసే సెట్టింగు) పెట్టొద్దు, మామూలు క్లయింట్ రోల్ చాలు. డిఫాల్ట్ ఛానెల్ కీ (మెసేజ్‌లకు తాళం వేసే కోడ్) లోకమంతటికీ తెలుసు, ఇంటి సంగతులకు సొంత ఛానెల్ చేసుకోండి. 2025 జూన్‌లో కొన్ని బోర్డులకు ఒకే కీ జత ఉన్నట్టు బయటపడింది, 2.6.11 లేదా ఆ తర్వాతి ఫర్మ్‌వేర్ వేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి కీలు కొత్తగా పుట్టించండి. ఒక మెసేజ్‌కి దాదాపు 200 బైట్లే. తెలుగులో అక్షరం, గుణింతం, పొల్లు దేనికదే 3 బైట్లు. "క్షేమం" అన్న ఒక్క మాటకే 18 పోతాయి. కాబట్టి 1 అంటే క్షేమం, 2 అంటే మందులు కావాలి అని ముందే కాగితం మీద రాసి ఇంటింటికీ ఇవ్వండి.

బిగింపు పని ఇప్పుడే, పొడి రోజున, పగటిపూట చేయండి. కరెంటు స్తంభానికి ఏదీ కట్టకండి. పైపును లాగి కట్టే గై వైరుగా ఇనుప తీగ వద్దు, నైలాన్ తాడు వాడండి. ఒంటరిగా ఎక్కకండి. ఉరుములు మొదలయ్యేలోపే నోడ్ ఆఫ్ చేసి యాంటెన్నా కేబుల్ ఊడదీయండి. మొదలయ్యాక మేడ ఎక్కొద్దు. తుఫానులో నోడ్ ఆగిపోతే ఆగిపోనివ్వండి. మళ్లీ చెబుతున్నా, కరెంటు పోయింది కదా అని పైపు ముట్టుకోకండి.

పైపు తీగ మీద పడితే వదిలేసి దూరం జరగండి. మనిషి అతుక్కుని ఉన్నా చేయి వేయకండి, కర్రతో నెట్టకండి. 1912కు ఫోన్ చేసి లైను ఆపించండి, 108కి చెప్పండి. ఫోన్లు కలవకపోతే ఒకరిని సబ్‌స్టేషన్‌కు బండి మీద పంపండి. లైను ఆపామని వాళ్లు చెప్పేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.